ఆగిన బండి చెప్పు మాట

ఈ సంచికయందు దేవాలయములను గూర్చియు, కవులను గూర్చియు, వలస వచ్చిన మన పెద్దలను గూర్చియు చదువగోరి పుటలు త్రిప్పు పాఠక మహాశయులకు, గోదాములలో సరకు లెత్తు బండ్ల మరమ్మతును గూర్చిన వ్యాసము కనబడుట కొంత వింతగా తోచవచ్చును. మేము పండితులము కాము. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకొని బ్రతుకువారము. కాని ఒక ప్రశ్న మమ్ము చాలకాలము వెంటాడినది. కులవృత్తి పోయిన పిదప, దానితోపాటు తరతరములుగా కూడబెట్టిన బుద్ధి ఎచ్చటికి పోవును? దీనికి మాకు దొరికినంత జవాబు ఒక బండి సీటుక్రింద దొరికినది. అది దొరకుటకు ముందు మాచేత ఒక తప్పు జరిగినది. రెండింటిని దాచక చెప్పుటయే మా ఉద్దేశము.

మాది మహారాష్ట్రమందు ఠాణే జిల్లాలోని భివండి. అది మరమగ్గముల పట్టణము. తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములు బ్రతుకు తెరువునకై ఇచ్చటికి వచ్చి స్థిరపడినవి. పద్మానగరు వీధులలో నడచినవారికి నేటికిని తెలుగు మాట వినబడును. మా తండ్రిగారు 1964వ సంవత్సరమున కరీంనగరు జిల్లానుండి వచ్చి, మొదట మగ్గము నడిపి, కొన్నేండ్లకు జాబరు అయిరి. జాబరనగా చెడిన మగ్గములను బాగుచేయు మేస్త్రి. మేము ఆయనను ‘బాపు’ అని పిలుచువారము. ఈ వ్యాసమందును అట్లే పిలుచుట మాకు సులభము.

బాపుకు చదువు తక్కువ. మగ్గము ధ్వనిని మాత్రము ఆయన పుస్తకమువలె చదివెడివారు. నలువది మగ్గములు ఒక్కమారు మ్రోగుచున్న గదిలో నిలిచి, ఫలానా వరుసలో మూడవదానికి పట్టా వదులైనదని చెప్పెడివారు. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠము మగ్గముప్రక్కన నుండు ఒక చిన్న ఇనుప ఫోర్కును గూర్చినది.

మన పాఠకులలో మగ్గమెరిగినవారు పెక్కుమంది యుందురు. ఎరుగని పిన్నలకై చెప్పుచున్నాము. నాడె అటునిటు పరుగెత్తి పడుగులో పేకను వేయుచుండును. పేక తెగినను, కండె అయిపోయినను మగ్గము ఆగవలెను. ఆగనిచో పేకలేని పడుగు ముందుకు సాగి బట్టలో సందు పడును. ఇందుకే ఆ ఫోర్కు. పేకదారము దాని ముండ్లకు తగిలినచో ఫోర్కు తోక పైకి లేచును, మగ్గము నడచును. దారము తగులనిచో తోక లేవదు, వెనుకనున్న కొక్కెము దానిని పట్టి లాగును, మగ్గము ఆగును. ఇందులో విద్యుత్తు లేదు, దీపము లేదు. అయినను నేడు మనము సెన్సరు అనునది ఇదియే. ‘దారమున్నది’ అను వార్త వచ్చునంతవరకే నడక. వార్త రానినాడు నిలుపుదల.

మీటరు లెక్కన కూలి తీసికొను కొందరు, మగ్గము మాటిమాటికి ఆగి తమ కూలి తగ్గుచున్నదని, ఆ ఫోర్కు తోకను దారముతో పైకి కట్టివేయుచుండిరి. బాపు శాంతస్వభావులు. కాని ఆ కట్టు కంటబడినప్పుడు మాత్రము గద్దించెడివారు.

“ఫోర్కు తప్పుంటే ఫోర్కు సరిజెయ్యి. దారం తప్పుంటే దారం సరిజెయ్యి. దాని నోరు కట్టేసుడు ఏం పని?” అనెడివారు.

రెండవ పాఠము ఇంకొకటి కలదు. “ఆగిన మగ్గాన్ని ఎంటనే తిప్పొద్దు. ఎట్ల ఆగిందో అట్లనే ఉంచి చూడు.” మా పదునాలుగవ యేట విన్న ఈ రెండు మాటలును మాకు చిరకాలము మగ్గమునకు సంబంధించిన మాటలుగనే యుండెను.

కాలము మారినది. ముంబయిలోనికి వచ్చు సరకుపై ఆక్ట్రాయి పన్ను ఉన్న దినములలోనే, నగరపు పొలిమేరకు వెలుపలనుండుటచేత, భివండి చుట్టుప్రక్కల గోదాములు వెలసెను. 2017 జూలై 1వ తేదీన జీఎస్‌టీ వచ్చి ఆ పన్ను తొలగిన పిదపను అవి తగ్గలేదు. రాష్ట్రమునకొక చిన్న గోదాము పెట్టుకొను అవసరము తీరినందున వర్తకులు ఒకేచోట పెద్దవి కట్టసాగిరి. మాన్కోలి, రహనాళ్, పూర్ణా, దాపోడే గ్రామములయందు పొలములుండినచోట రేకుల కప్పులు పరచుకొనెను. పట్టణమునందు మగ్గముల ఇండ్లు కొన్ని మూతపడెను. మేము పనిచేయుచున్న మగ్గములును పాత ఇనుము బరువున అమ్ముడుపోయెను. 2009లో మేము సరకులెత్తు బండ్ల మరమ్మతు చేయు ఒక గుత్తేదారువద్ద చేరితిమి. ఆ బండికి ఫోర్క్‌లిఫ్టు అని పేరు. “నీ కడుపుకు ఫోర్కే రాసిపెట్టి ఉందిరా” అని బాపు నవ్విరి.

బ్యాటరీతో నడచు బండినిగూర్చి కొంత చెప్పిన గాని తరువాతి కథ తెలియదు. అట్టివానిలో చాలవానికి 48 వోల్టుల సీసపు బ్యాటరీ యుండును. అనగా ఒక్కొక్కటి 2 వోల్టుల వంతున 24 సెల్లులు. విద్యుత్తు పెద్ద ప్లగ్గును, ఫ్యూజును, కాంటాక్టరును దాటి కంట్రోలరునకు చేరును. కంట్రోలరు దానిని మోటార్లకు పంచును. పంచుటకు ముందు అది కొన్ని ప్రశ్న లడుగును. తాళము త్రిప్పినారా? ఎర్ర బటను నొక్కియున్నదా? సీటుపై మనిషి యున్నాడా? చేతిబ్రేకు వదలినారా? పెడలు ముందుగనే త్రొక్కియున్నదా? మోటారు వేడెక్కినదా? ఈ ప్రశ్నలకు జవాబులన్నియు సన్నని తీగలగుండా రావలెను. వలసిన జవాబు రాకున్నచో బండి నిలిచి, తెరపై ఒక అంకె చూపును.

ఆ అంకెను చూచి క్రొత్తవారు మోసపోవుదురు. అది ఏ వీధిలో గొడవ జరిగినదో చెప్పునేగాని ఎవరి యింట జరిగినదో చెప్పదు. మోటారు వేగమును కొలుచు సెన్సరు పేరిట అంకె వచ్చిన వెంటనే సెన్సరు మార్చివేయువారు కలరు. కాని ఆ సెన్సరునకు విద్యుత్తు అందకుండవచ్చును. నేల తీగ వదులై యుండవచ్చును. కనెక్టరులోని పిన్ను వెనుకకు జరిగియుండవచ్చును. భివండిలో వానకాలము తేమకు పిన్నులపై పచ్చని కిలుము పట్టును. ఎలుకలు తీగల తొడుగు కొరుకును. మాస్టుతోపాటు దినమునకు వందలసార్లు పైకి క్రిందికి పోవు తీగ, వంగుచోటనే లోపల తెగును. పైతొడుగు చెక్కుచెదరక యుండును. మేము చూచిన లోపములలో అధికభాగము సెన్సరునందుకంటె సెన్సరునకు పోవు దారిలోనే దొరికినవి.

ఇంత తెలిసియు తప్పు చేసితిమి. అది 2018వ సంవత్సరము, దసరా దీపావళి నడిమి దినములు. గోదాములకు ఊపిరాడని కాలమది. ఒక గోదాములో ఒక బండి నడచుచు నడచుచు ఆగిపోవుచున్నదని కబురు వచ్చినది. తెరపై సీటు స్విచ్చి అంకె. ఆ బండిలో సీటు బ్యాటరీ పెట్టె మూతమీదనే బిగించియుండును. బ్యాటరీకి నీరు పోయుటకు మూతను సీటుతోసహా పైకెత్తవలెను. మేము మూత నెత్తి, సీటు స్విచ్చిని చేతితో నొక్కి మల్టీమీటరుతో చూచితిమి. తీగ బాగున్నది, స్విచ్చి బాగున్నది. అయినను స్విచ్చి మార్చితిమి. మూత వేసితిమి. బండి ఒక గంట నడచి మరల ఆగినది. మరల మూత నెత్తి చూచితిమి. మరల అంతయు బాగున్నది. ఇట్లు రెండు దినములు గడచెను.

మూడవనాటి రాత్రి పదునొకండు గంటలు. బయట పదునాలుగు లారీలు నిలిచియున్నవి. గోదాము అధికారి, రేపటివరకైనను బండి నడచునట్లు ఏదో యొకటి చేయుమని హిందీలో బ్రతిమాలెను, తరువాత కేకలు వేసెను. మేము కంట్రోలరువద్ద కనెక్టరులోని రెండు తీగలను ఒక చిన్న తీగముక్కతో కలిపితిమి. ఆ క్షణమునుండి సీటుపై ఎల్లప్పుడు మనిషి యున్నాడనియే బండి నమ్మును. రేపు వచ్చి సరిచేయుదమని మనసునకు చెప్పుకొంటిమి. అధికారి మా చేయి పట్టుకొని టీ త్రాగించెను.

ఆ బండి నడపువాడు మా వీధి కుర్రవాడు, ఇరువదిరెండేండ్లవాడు, మమ్ము ‘కాకా’ అని పిలుచును. మేము చేసినది వానికి చెప్పలేదు. తెల్లవారుజామున ఫోర్కులమీది పెట్టెలలో ఒకటి ప్రక్కకు జారినదట. వాడు సీటునుండి లేచి, ముందునకు వంగి, మాస్టు సందులోనుండి చేయి చాచి పెట్టెను సర్దబోయెను. సీటు విడిచినంతనే ఆ బండిలో మాస్టు మీటలకు బలము పోవలెను. మా తీగముక్క వలన పోలేదు. వాని నడుము మీటకు తగిలెను. మాస్టు వెనుకకు వ్రాలి, వాని ముంజేయి మాస్టునకు బండి చట్రమునకు నడుమ చిక్కెను. ప్రక్కనున్నవాడొకడు పరుగున వచ్చి ఎర్ర బటను నొక్కెను గనుక సరిపోయినది. ఎముక విరిగెను. చేతికి బదులు తలయైనచో ఏమగునో మేము వ్రాయనక్కరలేదు.

ఆసుపత్రిలో వాని తల్లి మమ్ము నిందించియుండిన బాగుండెడిది. ఆమె నిందింపలేదు. “నువ్వు చూసిన బండేనట గద, ఇంక భయమేముంటదనుకున్నం” అని మాత్రము అనెను. మేము తల యెత్తలేకపోతిమి. అచ్చటనే ఆమెతోను, పిదప గోదాము అధికారితోను, జరిగినదంతయు చెప్పితిమి. ముందుగా పోయి ఆ ముక్కను తీసివేసి, బండికి తాళము వేసి, నడపరాదని చీటీ కట్టితిమి.

ఇంటికి పోవునప్పటికి బాపు అరుగుమీద కూర్చుండియుండిరి. అప్పటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు దగ్గరపడినవి, చెవులు మందగించినవి. మేము గట్టిగా అంతయు చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు.

“ఫోర్కు కట్టినవు” అనిరి తుదకు.

“అవును బాపు.”

“కట్టినోడు కూలీ అయితే కోపం చేస్తుంటి. జాబరే కడితే ఎవరికి చెప్పుకోవాలె?”

మరల కొంతసేపటికి ఆయనయే అడిగిరి: “అది ఆగినప్పుడు మూత తెరిచి ఉండెనా, మూసి ఉండెనా?”

“మూసి ఉండె.”

“నువ్వు చూసినప్పుడు?”

“తెరిచి.”

“మరి ఆగినట్ల ఉంచి చూడకపోతివి గద బిడ్డా” అనిరి.

బ్యాటరీ బండి నెన్నడును విప్పి చూడని ముసలివాడు, అరుగుమీదనుండి లేవక, మా రెండు దినముల పనిలోని లోపమును పట్టుకొనెను. మేము వెంటనే లేచిపోతిమి. మీటరు తీగలను పొడుగు చేసి, కంట్రోలరువైపు తగిలించి, మూత మూసి, సీటుపై మనిషిని కూర్చుండబెట్టి, అటునిటు ఊగుమంటిమి. మూడవ ఊపునకు మీటరు పడిపోయెను. తీగ వెంట చేయి నడిపించుచు పోగా, మూత కీలువద్ద, వంపులో, తొడుగు మెత్తగా తగిలినది. కోసి చూచితిమి. లోపల రాగిపోగులు అన్నియు తెగియున్నవి. మూత నెత్తినప్పుడు తీగ వదులై తెగిన కొనలు ఒకదాని నొకటి తాకుచుండెను. మూసినప్పుడు బిగిసి విడిపోవుచుండెను. అనగా మేము పరీక్షించిన ప్రతిసారి మా పరీక్షయే రోగమును దాచినది. రెండు జానల తీగ మార్చి, కీలువద్ద కొంత వదులు విడిచి కట్టితిమి. పని పట్టినది నలువది నిమిషములు. దానిని నలువది నిమిషములు వెదుకలేక ఒక పిల్లవాని చేయి విరుగగొట్టితిమి.

నాటినుండి మాకు ఒక నియమము ఏర్పడినది. లారీలు ఎన్ని నిలిచినను, కేకలు ఎన్ని వేసినను, రక్షణకై పెట్టిన స్విచ్చిని కలిపి బండిని నడువనీయము. బండి పోవుటకు వీలులేనిచో అది నిలిచియుండును. ఆ మాట మేమే ముఖాముఖి చెప్పుదుము. దీనివలన రెండుచోట్ల మాకు పని పోయినది. పోనిమ్ము.

మన పిల్లలు పలువురు నేడు ఐటీఐ చదివి ఈ పనిలోనికి వచ్చుచున్నారు గనుక, మావద్ద నేర్చుకొను వారికి చెప్పు మాటలు కొన్ని ఇచ్చట పొందుపరచుచున్నాము. మొదట ఉంగరము, గడియారము తీయవలెను. బ్యాటరీ ప్లగ్గు ఊడదీయవలెను. ఊడదీసిన పిదపను కంట్రోలరులోని కెపాసిటర్లయందు విద్యుత్తు నిలిచియుండును. అది దిగినదని మీటరుతో చూడక చేయి పెట్టరాదు. చార్జి యగు బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును. దానిదరి నిప్పు కూడదు. చక్రములు త్రిప్పి పరీక్షింపవలసినచో బండి నెత్తి గట్టి దిమ్మలపై నిలుపవలెను.

తరువాత, నడపువానిని అడుగవలెను. ఎప్పుడు ఆగినది? బరువుతోనా, ఖాళీగానా? ఎత్తు ఎక్కునప్పుడా, మలుపులోనా? ఉదయమా, బ్యాటరీ తగ్గిన సాయంకాలమా? వాని మాట తెరమీది అంకెకంటె ఎక్కువ దారి చూపును. పిదప తేలికవి ముందు చూడవలెను: బ్యాటరీ, ప్లగ్గు, ఫ్యూజు, కనెక్టర్లు, నేల తీగ. ఖరీదైన కంట్రోలరును అన్నింటికంటె కడపట అనుమానింపవలెను.

మీటరును నమ్మవలెను గాని గ్రుడ్డిగా నమ్మరాదు. ఇచ్చట మా నేతపని మాట ఒకటి ఉపకరించినది. రాగితీగలో పది పోగులు తెగి ఒక్క పోగు మిగిలినను మీటరు నిండు వోల్టులు చూపును. ఏలయనగా మీటరు తాను దాదాపు ఏమియు తీసికొనదు. ఆ తీగకు ఒక బల్బు తగిలించినచో మినుకుమని ఆరిపోవును. కావున బరువు పెట్టి చూడవలెను. ఒక్క పోగుమీద నిలిచినదానికి బరువు మోయు బలముండదని పిల్లలకు చెప్పినచో వెంటనే తెలిసికొందురు.

నేటి బండ్లలో కంట్రోలర్లు రెండు పెనవేసిన తీగలపై ఒకదానితో నొకటి మాటలాడుకొనును. ఆ జంట చివరలయందు చెరియొక 120 ఓముల రెసిస్టరు ఉండును. విద్యుత్తు ఆపి ఆ రెండు తీగల నడుమ కొలిచినచో సుమారు 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక చివర తెగినదని యర్థము. ఇంత చిన్న కొలతతో దినమంతయు సాగు వెదకులాట తీరిన సందర్భములు మాకు కలవు.

బాపు 2021లో కాలము చేసిరి. ఆ రాత్రి మేము వేసిన తీగముక్క నేటికిని మా పనిముట్ల పెట్టెలో ఒక మూల నున్నది. పెట్టె తెరచినప్పుడెల్ల కంటబడవలెనని అట్లే యుంచితిమి. చేయి విరిగిన కుర్రవానికి ఎముక అతికినది. వాడు బండి నడుపుట మాని మావద్దనే పని నేర్చుకొనుచున్నాడు. ఆ మూలనున్న ముక్క ఏమిటో వానికి తెలియును. దానినిగూర్చి వాడు ఎన్నడును మాట తీయలేదు.

మావద్ద మరాఠీ పిల్లలు ఇద్దరు, ఉత్తరాదివాడొకడు కూడ నేర్చుకొనుచున్నారు. మొన్న వానకాలములో ఒక బండి మాస్టు ఎత్తును తెలుపు సెన్సరు అంకె చూపి నిలిచినది. మేము చేరునప్పటికి ఆ మరాఠీ పిల్లవాడు మాస్టును దించక, ఆగినచోటనే దిమ్మలతో ఆపి నిలిపి, ఎవరిని దరికి రానీయక, తీగ వెంట దీపముపెట్టి చూచుచుండెను. మమ్ము చూచి తన భాషలో ఏమో చెప్పుచు నడుమ ఒక తెలుగు మాట పలికెను: “పోగు.” తీగ లోపల ఒక్క పోగే మిగిలినదని వాని భావము.

మగ్గములు పోయినవి. వానితోనే పోయిన దనుకొన్న బుద్ధి ఆ గోదాములో, ఆ పిల్లవాని నోట, మాకు మరల వినబడినది. అది ఇంకను ఎన్నాళ్లు నిలుచునో మన ఇండ్లలో తండ్రులు కొడుకులకు ఏమి చెప్పుదురో దానిపై ఆధారపడియున్నది. చెప్పుటకు మన భాషయందు మాటలు కలవు.